కంపెనీ మూతబడితే పైలట్ నంబరు ఏమవుతుంది?

మొన్న గుంటూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజనీరింగ్ వద్దు, పైలట్ అవుతాను అంటున్నాడట. ట్రైనింగు, ఆ తర్వాత టైప్ రేటింగు, హాస్టలు, పరీక్షలు అన్నీ కలిపితే కోటి రూపాయల దాకా చెప్పారట. ఊళ్ళో ఉన్న స్థలం తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకుంటారు. దానికి మా ఆయన హామీ సంతకం పెట్టాలి. "నువ్వు బీయస్సీ చదివావు కదే, కాస్త చదివి చెప్పు, మంచో చెడో" అంది.

పుంగ్గోల్‌లో ఉండేవాళ్ళకు విమానాలు కొత్త కాదు. ఒక పక్క సెలెటార్, ఇంకో పక్క చాంగీ, పాయా లేబార్ యుద్ధవిమానాల మోత సరేసరి. మా చిన్నవాడు తోకమీద రంగు చూసి ఎయిర్‌లైన్ పేరు చెప్పేస్తాడు. కానీ ఆ విమానం నడిపే మనిషి ఉద్యోగం ఎలా నడుస్తుందో నాకు ఆ ఫోన్ వచ్చేదాకా తెలియదు. జీతాలు లక్షల్లో ఉంటాయని మాత్రం అందరిలాగే విన్నాను.

మా పక్క బ్లాక్‌లో ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆయన ఇండియాలో కెప్టెన్‌గా చేసేవారు. ఆయన పనిచేసిన ఎయిర్‌లైన్ కొన్నేళ్ళ కిందట మూతబడింది. పేరు రాయొద్దన్నారు, రాయను. ఇక్కడికి ఫస్ట్ ఆఫీసర్‌గా వచ్చారు. అంటే నాలుగు చారల నుంచి మూడు చారలకు. ఆవిడతో వాటర్‌వే పక్కన నడుస్తూ ఈ సంగతి ఎత్తితే ఒక మాట అన్నారు. "మా ఆయన జీతం పోయినప్పుడు బాధపడ్డారండీ. నంబరు పోయినప్పుడు మాత్రం ఏడ్చారు."

ఏమిటీ నంబరు? అక్కడి నుంచి మొదలుపెట్టాను.

చాలా ఎయిర్‌లైన్లలో పైలట్లందరికీ కలిపి ఒక సీనియారిటీ లిస్టు ఉంటుంది. చేరిన తేదీని బట్టి మీకో నంబరు వస్తుంది. పైన ఉన్నవాళ్ళు రిటైరైతేనో, మానేస్తేనో మీరు పైకి జరుగుతారు. మీరు ఎంత బాగా నడిపారన్నది ఈ నంబరును మార్చదు. పరీక్షల్లో తప్పితే ఆగిపోతారు కానీ, బాగా చేసినందుకు పక్కవాణ్ణి దాటి వెళ్ళలేరు. కెప్టెన్ ఎప్పుడవుతారు, చిన్న విమానం నుంచి పెద్ద విమానానికి ఎప్పుడు మారతారు, ఏ ఊరు బేస్, నెలలో ఏయే రోజులు డ్యూటీ, సంక్రాంతికి సెలవు దొరుకుతుందా అన్నవన్నీ చాలాచోట్ల ఆ నంబరు చుట్టూనే తిరుగుతాయి. కొన్నిచోట్ల కంపెనీకి కొంత వెసులుబాటు ఉంటుంది. అమెరికా ఎయిర్‌లైన్లలో అది దాదాపు శాసనం.

సింగపూర్‌లో ఉన్నవాళ్ళకు సులువుగా అర్థమయ్యే పోలిక బీటీవో ఫ్లాట్ల బ్యాలెట్. క్యూ నంబరు ముందుంటే పై అంతస్తు, నీళ్ళవైపు ఫ్లాటు ఎంచుకోవచ్చు. వెనకుంటే మిగిలింది తీసుకోవాలి. ఆ నంబరు ఆ ఒక్క ప్రాజెక్టుకే. దాన్ని పట్టుకెళ్ళి ఇంకో ప్రాజెక్టులో చూపిస్తే చెల్లదు. పైలట్ నంబరూ అంతే. పదిహేనేళ్ళు ఒక కంపెనీలో చేసి ఇంకో కంపెనీకి వెళితే మీ గంటలు, మీ లైసెన్సు మీతో వస్తాయి, నంబరు రాదు. కొత్త కంపెనీ నేరుగా కెప్టెన్‌గా తీసుకుంటే అదృష్టం. మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ అలా తీసుకునే కంపెనీలున్నాయి. అక్కడ కూడా లిస్టులో మాత్రం అడుగునే.

మా ఆయన ఐటీ. ఆయన కంపెనీ మారితే జీతం పెరుగుతుంది. పైలట్‌కు కంపెనీ మారడమంటే చాలాసార్లు మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవడం. అందుకే వాళ్ళు కంపెనీ మునిగిపోతోందని తెలిసినా వెంటనే దూకరు. బయటినుంచి చూసేవాళ్ళకు అది పిచ్చితనంలా ఉంటుంది.

మన దగ్గర ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జెట్ ఎయిర్‌వేస్ 1993లో మొదలైంది. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి చివరి విమానం నడిపి ఆగిపోయింది. అప్పటికే పైలట్లకు నెలల తరబడి జీతాలు లేవు. అయినా చాలామంది చివరిదాకా ఉన్నారు. ఎవరైనా పెట్టుబడిదారు వచ్చి కంపెనీ నిలబడితే తమ నంబరు నిలబడుతుందన్న ఆశ ఒకటి. రెండోది నోటీసు గడువు. డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ మానేయాలంటే ఏడాది ముందు, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. జీతం ఇవ్వని కంపెనీకి ఏడాది నోటీసు ఏమిటని పైలట్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

జెట్ ఆగిన కొద్ది రోజులకే స్పైస్‌జెట్ వాళ్ళు జెట్ వాడిన బోయింగ్ 737లను కొన్నిటిని తీసుకుని, ఆ సిబ్బందిలో వందలమందిని చేర్చుకున్నారు. 737 నడిపేవాళ్ళకు అలా ఒక దారి దొరికింది. బోయింగ్ 777 నడిపినవాళ్ళకు దేశంలో అంత తేలిగ్గా చోటు లేదు. ఎందుకంటే లైసెన్సు ఉంటే చాలదు, ఏ రకం విమానమో దానికి విడిగా టైప్ రేటింగ్ ఉండాలి. పైగా తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికులను ఎక్కించుకుని నడపడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చున్న ప్రతి నెలా ఆ పైలట్ విలువ కొంత తగ్గుతూనే ఉంటుంది. వంట మానేస్తే చెయ్యి తిరగదంటామే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ దాన్ని చట్టంలో రాసిపెట్టారు.

మన విజయవాడ ఎయిర్ కోస్టా గుర్తుందా? 2013 అక్టోబరులో మొదలై, 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. మా అమ్మ జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది దాంట్లోనే. అది ఎంబ్రాయర్ విమానాలు నడిపేది. అప్పటికి మన దేశంలో మిగతా పెద్ద ఎయిర్‌లైన్లు ఎక్కువగా ఎయిర్‌బస్‌లూ బోయింగ్‌లూ నడుపుతున్నాయి. అంటే ఆ పైలట్లకు పోయింది ఉద్యోగం, నంబరు మాత్రమే కాదు, టైప్ రేటింగ్ కూడా పక్క కంపెనీలో పనికిరాదు. హైదరాబాద్ ట్రూజెట్ 2022లో ఆగినప్పుడు అక్కడున్నవి ఏటీఆర్‌లు. ఇండిగో కూడా ఏటీఆర్‌లు నడుపుతుంది కాబట్టి వాళ్ళ పరిస్థితి కొంచెం నయం. ఇలాంటివి కోర్సు బ్రోచర్లలో కనిపించవు.

జెట్ కథ కోర్టులో అయిదేళ్ళు నడిచింది. 2019 జూన్‌లో దివాలా ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. 2021 జూన్‌లో జలాన్-కల్‌రాక్ కూటమి ప్రణాళికకు ఆమోదం వచ్చింది. విమానాలు మళ్ళీ ఎగురుతాయని పాత సిబ్బంది ఎదురుచూశారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇక చాలు, ఆస్తులు అమ్మేయండని లిక్విడేషన్‌కు ఆదేశించింది. గో ఫస్ట్ ఇంకా తొందరగా ముగిసింది. ఇంజన్ల సమస్య వల్ల సగం విమానాలు నేలమీదే ఉన్నాయంటూ 2023 మే నెలలో తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. 2025 జనవరిలో లిక్విడేషన్ ఆర్డరు. ఈ మధ్యలో పైలట్లు చాలావరకు వేరే కంపెనీలకు వెళ్ళిపోయారు.

లిక్విడేషన్‌లో ఉద్యోగికి ఏం దక్కుతుందన్నది అక్కకు చెప్పడానికే ప్రత్యేకంగా చదివాను. మన దివాలా చట్టంలో డబ్బు పంచడానికి ఒక వరస ఉంది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికులుగా లెక్కకొచ్చేవాళ్ళ 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, ఈ రెండూ ఒకే మెట్టు మీద. ఆ కింద మిగతా ఉద్యోగుల 12 నెలల బకాయిలు. లక్షల జీతం తీసుకునే పైలట్ "కార్మికుడా", "మిగతా ఉద్యోగా" అన్నదాని మీద వాదనలు నడుస్తాయంటే మొదట నవ్వొచ్చింది. ఏ మెట్టు మీద నిలబడతామన్నదాన్ని బట్టే డబ్బు వస్తుందా రాదా తేలుతుందని అర్థమయ్యాక నవ్వు పోయింది. పీఎఫ్, గ్రాట్యుటీ మాత్రం ఈ వరసలోకి రావు, అవి ఉద్యోగులవే. జెట్ విషయంలో వాటిని పూర్తిగా కట్టాల్సిందేనని అప్పిలేట్ ట్రైబ్యునల్ 2022లో చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

సీనియారిటీ నంబరుకు మాత్రం ఏ మెట్టూ లేదు. దాన్ని ఎవరూ ఆస్తిగా లెక్కకట్టరు. కంపెనీతోపాటే పోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడ నన్ను ఆపి, "మా దగ్గర అలా కాదు" అంటారు. నిజమే. అక్కడ ఎక్కువసార్లు కంపెనీ మూతబడదు, చాప్టర్ 11 కింద కోర్టు రక్షణలో ఉంటూ విమానాలు నడుపుతూనే ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పైలట్లను ఫర్లోలో పెడుతుంది. మా అమ్మకు ఈ మాట చెబితే "జైల్లో వాళ్ళకిచ్చే సెలవు కదే" అంది. పైలట్ల ఫర్లో వేరు. జీతం ఉండదు, ఉద్యోగం ఉండదు, కానీ లిస్టులో పేరు ఉంటుంది. మంచిరోజులొస్తే అదే వరసలో వెనక్కి పిలుస్తారు. తీసేసేటప్పుడు లిస్టు అడుగునుంచి పైకి వస్తారు, పిలిచేటప్పుడు పైనుంచి కిందికి. స్పిరిట్ ఎయిర్‌లైన్స్ 2024 నవంబరులో ఒకసారి, 2025 ఆగస్టులో రెండోసారి చాప్టర్ 11కు వెళ్ళింది. ఆ మధ్య వందలమంది పైలట్లు ఇలాగే ఫర్లోకి వెళ్ళారు.

ఫర్లోలో లేనివాళ్ళు కూడా కిందికి జారతారు. పెద్ద విమానాలు తగ్గితే అక్కడి కెప్టెన్ చిన్న విమానానికి దిగుతాడు, అక్కడి జూనియర్ కెప్టెన్ మళ్ళీ ఫస్ట్ ఆఫీసర్ అవుతాడు. 2009 జనవరిలో న్యూయార్క్ హడ్సన్ నదిలో విమానం దింపిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ సినిమా మనలో చాలామంది చూశాం. ఆయన పక్క సీట్లో ఉన్న ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్ అంతకుముందు కెప్టెన్‌గా చేసినవారే. కంపెనీలో పైలట్ల సంఖ్య తగ్గడంతో కుడి సీటుకు వచ్చారు. సల్లెన్‌బర్గర్ తర్వాత అమెరికా కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ తన జీతంలో నలభై శాతం కోత పడిందని, పెన్షన్ పోయిందని చెప్పారు. సినిమాలో ఇది పెద్దగా కనిపించదు.

ఆ కంపెనీ యూఎస్ ఎయిర్‌వేస్. లిస్టు గొడవంటే ఏమిటో తెలియాలంటే దాని కథే చూడాలి. 2002లో ఒకసారి, 2004లో మళ్ళీ దివాలాకు వెళ్ళింది. 2005లో అమెరికా వెస్ట్ అనే చిన్న కంపెనీ దాన్ని కలుపుకుని ఒడ్డున పడేసింది. పేరు మాత్రం యూఎస్ ఎయిర్‌వేస్‌దే మిగిలింది. ఇప్పుడు రెండు లిస్టులు ఒకటి కావాలి. యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు పాతకాపులు, చేరిన తేదీ ప్రకారం కలపాలన్నారు. అమెరికా వెస్ట్ వాళ్ళు ఒప్పుకోలేదు. "మీ కంపెనీ మునిగిపోతుంటే మేం వచ్చాం. మీలో వందలమంది ఇంట్లో కూర్చున్నారు. మేం రాకపోతే మీ తేదీలకు విలువే లేదు" అన్నారు.

మధ్యవర్తి జార్జ్ నికొలావ్ 2007 మేలో తీర్పు ఇచ్చారు. పెద్ద విమానాలు నడిపే యూఎస్ ఎయిర్‌వేస్ సీనియర్లు సుమారు 500 మందిని పైన పెట్టారు. ఫర్లోలో ఉన్నవాళ్ళను అడుగున పెట్టారు. మధ్యలో ఉన్నవాళ్ళను వాటి ప్రకారం కలిపారు. ఫలితం చూడండి. పదహారేళ్ళ పైన సర్వీసున్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్, విలీనానికి కొద్ది నెలల ముందే అమెరికా వెస్ట్‌లో చేరిన కుర్రాడి కిందికి వెళ్ళాడు.

నేను ఈ తీర్పును రెండుమూడుసార్లు చదివాను. మొదటిసారి పెద్దాయనకు అన్యాయం జరిగిందనిపించింది. రెండోసారి కుర్రాడి వైపు నుంచి చూశాను. అతను ఉద్యోగంలో ఉన్నాడు, అతని కంపెనీ బతికి ఉంది. పక్కింటి అప్పులకు అతన్ని ఎందుకు వెనక్కి తోయాలి? ఇప్పటికీ నా మనసు ఒకవైపు తేల్చుకోలేదు. కానీ తర్వాత జరిగింది మాత్రం ఎవరికీ మేలు చేయలేదు. యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఖ్యలో ఎక్కువ. 2008లో ఓట్లేసి పాత యూనియన్‌ను దించి కొత్త యూనియన్ పెట్టుకున్నారు, ఆ తీర్పును అమలు కానివ్వలేదు. కోర్టు కేసులు ఏళ్ళ తరబడి సాగాయి. ఒకే పేరు, ఒకే రంగు ఉన్న కంపెనీలో రెండు గుంపులు రెండు కాంట్రాక్టుల కింద, వేర్వేరుగా ఎగిరాయి. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో మళ్ళీ విలీనం. చివరి లిస్టు 2016 సెప్టెంబరులో వచ్చింది. పదకొండేళ్ళు! ఆ గొడవలో ఎందరో రిటైరైపోయి ఉంటారు.

దీనికి ముందు ఇంకా ఘోరం ఒకటి జరిగింది. 2001లో దివాలా తీసిన టీడబ్ల్యూఏను అమెరికన్ కొన్నప్పుడు, అక్కడి కేబిన్ సిబ్బందిని మొత్తం లిస్టు అడుగున చేర్చారు. ఆ సెప్టెంబరు దాడుల తర్వాత కోతలు మొదలయ్యాయి. పాతికేళ్ళు చేసినవాళ్ళు కూడా ముందుగా ఇంటికెళ్ళారు. ఆ అనుభవం నుంచే 2007లో మెక్‌కాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది. విలీనంలో లిస్టులు న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్ళాలి అంటుంది. న్యాయం అంటే ఏమిటో మాత్రం చట్టం చెప్పదు.

మన దేశంలో ఈ లిస్టుల కొట్లాట లేదనుకోకండి. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటయ్యాయి. ఒకటి విదేశాలకు పెద్ద విమానాలు నడిపేది, రెండోది హైదరాబాద్‌లోని ట్రైనింగ్ కేంద్రంలో తయారైన పైలట్లతో దేశమంతా ఎయిర్‌బస్‌లు నడిపేది. జీతాలు వేరు, కెప్టెన్ కావడానికి పట్టే కాలం వేరు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమాన జీతం కోసం సమ్మె చేశారు. మరుసటి ఏడాది కొత్త బోయింగ్ 787లు వస్తున్నాయంటే, వాటి ట్రైనింగు అటువాళ్ళకు ఎలా ఇస్తారని ఎయిర్ ఇండియా వైపు పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. వందమందికి పైగా ఉద్యోగాలు తీసేశారు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ నివేదిక అప్పటికే వచ్చి ఉంది. చూడ్డానికి ట్రైనింగ్ గొడవే, లోపల ఉన్నది వరసలో ఎవరు ముందు అన్న ప్రశ్న.

ఇక మా సింగపూర్. ఇక్కడ లిస్టుకంటే ముందు చూడాల్సింది పాస్. 2020 సెప్టెంబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపు 4,300 పోస్టులు తగ్గిస్తామని ప్రకటించింది. ఖాళీలు నింపకపోవడం లాంటివి పోను, ఉద్యోగం పోయేది సుమారు 2,400 మందికి అన్నారు. పైలట్ల యూనియన్ జీతాల కోతకు ఒప్పుకుంది. సిల్క్‌ఎయిర్ ఆ తర్వాత పెద్ద కంపెనీలో కలిసిపోయింది. 2025 జూన్‌లో జెట్‌స్టార్ ఆసియా మూసివేత ప్రకటించి, జూలై 31తో ఆపేసింది. అయిదువందల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. దివాలా కాదు, యాజమాన్యం వద్దనుకుంది. ఉద్యోగికి ఫలితం మాత్రం ఒకటే.

సింగపూర్‌లో తొలగింపు పరిహారం చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. రెండేళ్ళు దాటినవాళ్ళకు ఏడాదికి రెండు వారాల నుంచి నెల జీతం దాకా ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. తొలగింపులు తప్పనప్పుడు స్థానికుల బలగం నిలబడేలా చూడమని మార్గదర్శకాలు చెబుతాయి. అది వాళ్ళ దేశం, తప్పుపట్టను. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళకు పాస్ రద్దయ్యాక సాధారణంగా ముప్పై రోజులు. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా పిల్లల టీసీలు తీసుకుని, ఫ్రిజ్జు, సోఫా అమ్మేసి బయలుదేరాలి. మా పక్క బ్లాక్ ఆవిడ కొత్త సోఫా కొనకపోవడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది.

ఇదంతా అక్కకు ఒక రాత్రి రెండు గంటలసేపు చెప్పాను. మధ్యలో బావగారు ఫోన్ తీసుకున్నారు. "అంటే వద్దంటావా అమ్మా?" అన్నారు. వద్దనలేదు. ఇండియాలో ఇప్పుడు ఎయిర్‌లైన్లు వందల విమానాలు ఆర్డరు ఇస్తున్నాయి, పైలట్లు కావాలి. నేను చెప్పింది ఒక్కటే. జీతం ఎంత అని కాకుండా, కంపెనీ పోతే మనవాడి చేతిలో ఏం మిగులుతుందో లెక్క వేసుకోండి అన్నాను. ముందు క్లాస్ 1 మెడికల్ అవ్వాలి, అది తేలకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. టైప్ రేటింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ఉద్యోగం పిలిచాక, ఏ విమానమో తెలిశాక చూద్దాం. కంపెనీలే ఎక్కువగా వాడే రకమైతే మంచిది. ఎక్కడ చేరినా బాండ్ ఎన్నేళ్ళో, మధ్యలో కంపెనీ ఆగిపోతే ఆ బాండ్ ఏమవుతుందో చదివి సంతకం చేయాలి. పక్కన ఒక డిగ్రీ ఉండాలి, కనీసం దూరవిద్యలోనైనా.

మా ఆయన హామీ సంతకానికి ఒప్పుకున్నారు, కానీ లైసెన్సు దాకా అయ్యే మొత్తానికే. టైప్ రేటింగ్ లోను దాంట్లో కలపకూడదని బ్యాంకు మేనేజరుతో బావగారే మాట్లాడుతున్నారు.

వాడు మాత్రం మర్నాడు పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. "పిన్నీ, ఏ320 నేర్చుకుంటే నయమా, 737 నయమా?" బాబాయ్‌ని అడగమన్నాను. బాబాయేమో పక్క బ్లాక్ కెప్టెన్ గారిని అడగమన్నారు. ఆయన వచ్చే ఆదివారం ఖాళీగా ఉన్నారో లేదో, రోస్టరు వచ్చాక చెబుతామన్నారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆదివారాలు దొరకడం కష్టమట.